ఎక్స్‌పోర్ట్‌కి 14 గంటలు: అప్పు చేసి కొత్త ల్యాప్‌టాప్ కొనాలా?

ప్రశ్న: మాది తణుకు. మూడేళ్లుగా ఇంటి దగ్గరే ఉండి నాలుగు స్టూడియోలకు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి ఇస్తున్నాను. ల్యాప్‌టాప్ ఐ5 పదకొండో తరం, 16 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు (4 జీబీ). ప్రీమియర్ ప్రోలో చేస్తాను. స్టూడియోవాళ్లు సోనీ కెమెరాలో 4కె, 4:2:2 10-బిట్‌లో తీసి హార్డ్ డిస్క్ ఇస్తారు. నేను ఫుల్ హెచ్‌డీలో ఫైనల్ ఇస్తాను. మొన్న మూడున్నర గంటల పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్‌కి పెడితే 14 గంటలు చూపించింది. రాత్రంతా నడిచి 68 శాతం దగ్గర ఆగిపోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ అక్కడే ఆగింది. క్వాలిటీ బాగుండాలని 2 పాస్, 32 ఎంబీపీఎస్, మ్యాగ్జిమమ్ క్వాలిటీ అన్నీ పెట్టాను. రాత్రి ముహూర్తం కాబట్టి గింజలు గింజలుగా కనిపిస్తోందని, వీడియో మొత్తం మీద నాయిస్ తీసే ప్లగిన్ కూడా వేశాను. పెళ్లికూతురి నాన్నగారు రోజూ ఫోన్ చేస్తున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. లక్షన్నర లోన్ తీసుకుని కొత్త ల్యాప్‌టాప్ కొనేయమంటున్నారు మా ఆయన. కొనాలా?

జవాబు: ఇప్పుడే కొనకండమ్మా. మీ ల్యాప్‌టాప్ తీసిపారేసేది కాదు. మీరు రాసిన వివరాల్లోనే ఆ 14 గంటలు ఎక్కడికి పోతున్నాయో చాలావరకు కనిపిస్తోంది. కారణం తెలుసుకోకుండా కొత్తది కొంటే, అదే ప్రాజెక్టు అందులో ఏ ఏడెనిమిది గంటలో పడుతుంది. లోన్ వాయిదాలు మాత్రం నెలనెలా వస్తాయి.

ఆత్రేయపురం మీకు దూరమేమీ కాదు, పూతరేకులు చేయడం చూసే ఉంటారు. ఒకావిడ వేడి కుండ మీద పిండి జావలో ముంచిన గుడ్డ పరిచి రేకు తీస్తుంది. ఇంకొకావిడ దాని మీద నెయ్యి, పంచదార పొడి చల్లుతుంది. మరొకావిడ మడత పెడుతుంది. ఎక్స్‌పోర్ట్‌లో జరిగేదీ ఈ మూడు పనులే. కెమెరా ఫైలును విప్పి ఒక్కొక్క బొమ్మను బయటికి తీయడం మొదటిది. ఆ బొమ్మకు రంగులు, టైటిళ్లు, ఎఫెక్టులు వేయడం రెండోది. మళ్లీ నొక్కి చిన్న ఫైలుగా కట్టడం మూడోది. రేకు తీసే దగ్గర ఆలస్యమవుతుంటే, మడత పెట్టే దగ్గర ఎంత చురుకైన మనిషిని కూర్చోబెట్టినా ఆమె ఖాళీగా ఎదురుచూడాల్సిందే. మీ ల్యాప్‌టాప్‌లో ఎవరు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో ముందు కనిపెట్టాలి.

దానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ముహూర్తం భాగంలోంచి మూడు నిమిషాల ముక్కకు ఇన్, అవుట్ (మొదలు, చివర గుర్తులు) పెట్టి, ఇప్పుడున్న సెట్టింగులతోనే ఎక్స్‌పోర్ట్ చేసి టైమ్ రాసుకోండి. మూడున్నర గంటల వీడియోకి 14 గంటలంటే నిడివికి నాలుగింతలు. కాబట్టి దీనికి 12 నిమిషాల దరిదాపుల్లో పట్టాలి. తర్వాత ఆ సీక్వెన్స్‌కు డూప్లికేట్ తీసి, నాయిస్ ప్లగిన్ ఉన్న అడ్జస్ట్‌మెంట్ లేయర్‌ను (క్లిప్పులన్నిటి మీదా పరిచిన ఎఫెక్ట్ పొరను) తీసేయండి. క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి రిమూవ్ ఆట్రిబ్యూట్స్‌తో మిగతా ఎఫెక్టులూ తీసేసి, అదే ముక్కను మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. ప్రోగ్రామ్ మానిటర్ కింద ఉండే ఎఫ్ఎక్స్ మ్యూట్ బటన్ నొక్కి ఊరుకుంటే సరిపోదు. అది ప్లేబ్యాక్‌లోనే పనిచేస్తుంది, ఎక్స్‌పోర్ట్‌లో ఎఫెక్టులు అలాగే ఉంటాయి. రెండో టైమ్ బాగా తగ్గితే దోషం ఎఫెక్టులది. పెద్దగా తగ్గకపోతే ఫైలు విప్పడం దగ్గరో, కట్టడం దగ్గరో చిక్కు ఉన్నట్టు. ఎక్స్‌పోర్ట్ నడుస్తున్నప్పుడు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి సీపీయూ (ప్రాసెసర్), డిస్క్, రెండు జీపీయూలు (ఇంటెల్, ఎన్విడియా గ్రాఫిక్స్) ఎంతెంత శాతంలో ఉన్నాయో కూడా గమనించండి. జీపీయూ కింద వీడియో డీకోడ్ (విప్పడం), వీడియో ఎన్‌కోడ్ (కట్టడం) అని విడివిడి గ్రాఫులు ఉంటాయి. ఎన్‌కోడ్ గ్రాఫు సున్నా దగ్గరే పడుకుని సీపీయూ వందలో ఉంటే, గ్రాఫిక్స్ కార్డు చేయాల్సిన మడత పని కూడా ప్రాసెసర్ మీదే పడుతోందని అర్థం.

మీ విషయంలో ఆ గ్రాఫు సున్నా దగ్గర ఉంటుందని పరీక్ష లేకుండానే చెప్పగలను, ఎందుకంటే మీరు 2 పాస్ పెట్టారు. ప్రీమియర్‌లో వీబీఆర్ 2 పాస్ ఎంచుకుంటే హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ పోయి సాఫ్ట్‌వేర్‌కు మారిపోతుంది. పైగా వీడియో మొత్తాన్ని రెండుసార్లు చదవాలి. వీబీఆర్ 1 పాస్‌కు మార్చి, పెర్ఫార్మెన్స్ దగ్గర హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ ఉందో లేదో చూడండి. హార్డ్‌వేర్ ఎన్‌కోడర్‌కు బిట్‌రేట్ (సెకను వీడియోకి ఎంత డేటా రాయాలన్న లెక్క, ఎంబీపీఎస్‌లో) కాస్త ఎక్కువ ఇస్తే మంచిది. అలాగని ఫుల్ హెచ్‌డీకి 32 అక్కర్లేదు. ఫుల్ హెచ్‌డీ 25, 30 ఫ్రేముల వీడియోకి యూట్యూబ్ సూచించేది 8 ఎంబీపీఎస్. పెళ్లి వీడియోలో పట్టుచీరల జరీ, పూలు, తలంబ్రాలు పోసేటప్పుడు ఎగిరే బియ్యం లాంటి సన్న వివరాలు ఎక్కువ కాబట్టి 16 పెట్టండి. ఇంట్లో టీవీ మీద చూసేవాళ్లకు 16కీ 32కీ తేడా తెలియదు. మ్యాగ్జిమమ్ రెండర్ క్వాలిటీ టిక్ కూడా తీసేయండి. అది ముఖ్యంగా బొమ్మ సైజు మార్చేటప్పుడు నాణ్యత కోసం పెట్టింది. గ్రాఫిక్స్ కార్డు పనిచేస్తుంటే ఆ నాణ్యత ఎలాగూ వస్తుంది. ఫైల్, ప్రాజెక్ట్ సెట్టింగ్స్, జనరల్‌లో రెండరర్ దగ్గర జీపీయూ యాక్సిలరేషన్ (CUDA) అని ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఓన్లీ అని ఉంటే గ్రాఫిక్స్ కార్డు కొన్నందుకు ప్రయోజనమే లేదు.

ఇక మీ నాయిస్ ప్లగిన్. 14 గంటల్లో పెద్ద వాటా దీనిదేనని నా అనుమానం. ఇలాంటి ప్లగిన్లు ఒక్క ఫ్రేమును శుభ్రం చేయడానికి దాని ముందూ వెనకా ఉన్న ఫ్రేములను కూడా తెచ్చి పోల్చి చూస్తాయి. దాన్ని మీరు మూడున్నర గంటల మీద పరిచారు. పొద్దున పెళ్లికూతురిని చేసేటప్పుడు ఎండ వెలుగులో తీసిన క్లిప్పులకూ, లైట్లు దండిగా ఉన్న రిసెప్షన్‌కూ కూడా అది పనిచేస్తూనే ఉంది. అక్కడ తీయడానికి నాయిస్ ఏముంది? అడ్జస్ట్‌మెంట్ లేయర్ తీసేసి, చీకటిగా ఉన్న క్లిప్పులకు మాత్రమే వేయండి. ఒక క్లిప్పుకు చాలా ఎఫెక్టులుంటే నాయిస్ తీసేది అన్నిటికంటే ముందు ఉండాలి, రంగులు తర్వాత. అలా వేసిన క్లిప్పులను రాత్రి పడుకునే ముందు రెండర్ అండ్ రీప్లేస్ (ఎఫెక్టుతో సహా కొత్త ఫైలుగా మార్చడం) చేసేయండి. ఆ కష్టం ఒక్కసారితో తీరిపోతుంది. పార్టీవాళ్లు పేరు తప్పు పడిందని, మేనమామ కనిపించలేదని మార్పులు చెప్పి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయించినా ఆ భారం తిరిగి రాదు. కదిలిన క్లిప్పులకు వేసే వార్ప్ స్టెబిలైజర్‌కూ ఇదే పద్ధతి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చేసిన పెళ్లి టైటిళ్లను డైనమిక్ లింక్‌తో అలాగే వదిలేయకుండా, వెనక పారదర్శకంగా ఉండేలా ప్రోరెస్ 4444లో రెండర్ చేసి తెచ్చుకోండి.

68 శాతం దగ్గర ఆగడం గురించి. రెండుసార్లూ అక్కడే ఆగిందంటే ఇది సాధారణంగా వేడి సమస్య కాదు. వేడికైతే ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంది. 210 నిమిషాల్లో 68 శాతం అంటే సుమారు 2 గంటల 23 నిమిషాల దగ్గర. ప్రీమియర్ చూపించిన ఎర్రర్ మెసేజ్‌లో ఆగిన చోటు టైమ్‌కోడ్ కూడా ఉండవచ్చు, ఒకసారి చూడండి. అక్కడ టైమ్‌లైన్‌లో ఏముంది? ఫోటోలు వరసగా వచ్చే పాటో, ఆల్బమ్ కొలాజో ఉంటే దొంగ దొరికినట్టే. 24 మెగాపిక్సెళ్ల ఫోటో ఫైలుగా చిన్నదే అయినా, విప్పి మెమరీలో పెడితే 96 ఎంబీ అవుతుంది. ఎక్కువ బిట్ లోతులో లెక్కలు వేసినప్పుడు దానికి నాలుగింతలు. అలాంటివి పది ఒకే తెర మీద ఉంటే మీ కార్డులోని 4 జీబీ నిండిపోతుంది. ఫైనల్ ఫుల్ హెచ్‌డీయే కాబట్టి, జూమ్ కలిపినా ఫోటో వెడల్పు 2500 పిక్సెళ్లుంటే చాలు. ఫోటోషాప్‌లో ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి ఆ సైజుకు తగ్గించి, అవే పేర్లతో వేరే ఫోల్డర్‌లో పెట్టి ప్రీమియర్‌లో లింక్ మార్చండి. అసలు ఫోటోల మీద మాత్రం సేవ్ చేయకండి, ఆల్బమ్‌కు అవి కావాలి. ఆ చోట ఫోటోలు లేకపోతే, అక్కడి ఐదు నిమిషాలనే వేరుగా ఎక్స్‌పోర్ట్ చేస్తూ ఒక్కో క్లిప్పు తీసి చూస్తే ఏది ఆపుతోందో తెలిసిపోతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ గేమ్ రెడీది ఉంటే ఎన్విడియా స్టూడియో డ్రైవర్‌కు మార్చండి. అది ఉచితమే.

ఇప్పుడు రేకు తీసే దగ్గరికి వద్దాం. చాలామంది అసలు పట్టించుకోనిది ఇదే. కెమెరా ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచదు. కిరాణా కొట్టు పద్దులో ఒకటో తారీఖున మొత్తం బాకీ రాసి, ఆ తర్వాత రోజూ తెచ్చిన సరుకు మాత్రమే రాసినట్టు, ఒక పూర్తి ఫ్రేము రాసి, తర్వాతి వాటిలో మారినదే రాస్తుంది. పన్నెండో తారీఖు బాకీ ఎంతో తెలియాలంటే ఒకటో తారీఖు నుంచి కూడుకుంటూ రావాలి. ఈ కూడికలను వేగంగా చేసే ప్రత్యేక భాగం ప్రాసెసర్‌లోనూ, గ్రాఫిక్స్ కార్డులోనూ ఉంటుంది. అయితే అది అన్ని ఫార్మాట్లకూ పనిచేయదు. మీకు వచ్చే 4:2:2లో రంగుల సమాచారం మామూలు 4:2:0 కంటే రెండింతలు. మీ 3050 కార్డుకు 4:2:2 ఫైళ్లను విప్పే శక్తి లేదు. ఎన్విడియా కార్డుల్లో ఆ శక్తి 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే మొదలైంది. మీ అదృష్టం, ఇంటెల్ పదకొండో తరం ప్రాసెసర్‌లో ఉండే క్విక్ సింక్ అనే భాగం హెచ్.265 రకం 4:2:2 10-బిట్ ఫైళ్లను విప్పగలదు. కానీ హెచ్.264 రకం 4:2:2ను అది కూడా విప్పలేదు. అప్పుడు భారమంతా ప్రాసెసర్ కోర్ల మీద పడుతుంది.

కాబట్టి స్టూడియోవాళ్లను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. సోనీ కెమెరా మెనూలో ఎక్స్ఏవీసీ ఎస్ అని ఉంటే హెచ్.264, ఎక్స్ఏవీసీ హెచ్ఎస్ అని ఉంటే హెచ్.265. మీ దగ్గరకు వచ్చేది మొదటిదే అయితే నెమ్మదికి ఇదొక పెద్ద కారణం. కెమెరామెన్‌తో మొహమాటపడకుండా మాట్లాడండి. ఎస్-లాగ్‌లో (రంగులు తర్వాత దిద్దుకునేలా వెలిసినట్టు తీసే పద్ధతిలో) తీయకుండా మామూలు రంగుల్లో తీసేవాళ్లయితే 4:2:0 8-బిట్ పెట్టమనండి. అది మీ ల్యాప్‌టాప్‌కు మంచినీళ్లలా నడుస్తుంది. లాగ్‌లో తీస్తే మాత్రం 8-బిట్ వద్దు, రంగులు దిద్దేటప్పుడు మండపం వెనక గోడల మీద, ఆకాశంలో చారలు పడతాయి. అప్పుడు హెచ్.265 10-బిట్‌లో తీయమనడమే దారి. ప్రీమియర్ ప్రిఫరెన్సెస్, మీడియా పేజీలో హార్డ్‌వేర్ డీకోడింగ్ దగ్గర ఇంటెల్‌కు టిక్ ఉండాలి. కొన్ని గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఇంటెల్ గ్రాఫిక్స్‌ను పూర్తిగా ఆపేసి ఎన్విడియా ఒక్కదాన్నే నడిపే మోడ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే క్విక్ సింక్ కనబడదు, మామూలు మోడ్‌కు మార్చండి.

ఇప్పటికే చేతిలో ఉన్న ఫైళ్లకు ఒక ఉపాయం చెబుతాను. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. హార్డ్ డిస్క్ మీ చేతికి వచ్చిన రాత్రే, ఫుల్ హెచ్‌డీ సైజులో ప్రోరెస్ 422 ఎల్‌టీ ప్రాక్సీలు (అసలు ఫైళ్లకు బదులు వాడే తేలికైన నకళ్లు) తయారుకు పెట్టి పడుకోండి. ప్రోరెస్‌లో ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తిగా ఉంటుంది, కూడికల గొడవ లేదు. 10-బిట్ రంగులూ పోవు. ప్రాక్సీలతో ఎడిటింగ్ సాఫీగా సాగుతుందని మీకు తెలిసే ఉంటుంది. అయితే ఎక్స్‌పోర్ట్‌లో ప్రీమియర్ మళ్లీ అసలు 4కె ఫైళ్ల దగ్గరికే వెళ్తుంది. ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో యూజ్ ప్రాక్సీస్ అని ఒక టిక్ ఉంది. మీ ఫైనల్ కూడా ఫుల్ హెచ్‌డీయే కాబట్టి అది పెడితే ప్రాక్సీల నుంచే ఎక్స్‌పోర్ట్ అవుతుంది. బాగా జూమ్ చేసిన క్లిప్పులు మాత్రం మెత్తబడతాయి. అవి తక్కువే ఉంటాయి కనుక వాటికి ప్రాక్సీ లేకుండా అసలు ఫైలునే ఉంచుకోవచ్చు. 25 ఫ్రేముల లెక్కన ఈ ప్రాక్సీలు గంట ఫుటేజీకి సుమారు 38 జీబీ తింటాయి, చోటు చూసుకోండి.

చోటు అన్నాను కాబట్టి డిస్క్ సంగతి. మీరు స్టూడియో హార్డ్ డిస్క్ నుంచే చదువుతూ, ఫైనల్ కూడా దానిలోకే రాయిస్తుంటే మానేయండి. తిరిగే డిస్క్‌లో ముల్లు ఒక్కటే, అది చదవడానికీ రాయడానికీ అటూ ఇటూ పరిగెత్తాలి. ఫుటేజీ అందులో ఉన్నా, మీడియా క్యాష్ (ప్రీమియర్ రాసుకునే తాత్కాలిక ఫైళ్లు), ఫైనల్ ఫైలు ల్యాప్‌టాప్‌లోని ఎస్ఎస్‌డీలోకి వెళ్లాలి. ఆ ఎస్ఎస్‌డీలో ఐదో వంతు ఖాళీ ఉంచండి. పాత పెళ్లిళ్ల క్యాష్‌ను ప్రిఫరెన్సెస్‌లోంచి తుడిచేస్తే చాలా చోటు వస్తుంది. హార్డ్ డిస్క్ కేబుల్‌ను యూఎస్‌బీ 3 పోర్టుకే పెట్టండి. యూఎస్‌బీ 2లో సెకనుకు 30, 40 ఎంబీ దాటి రావడం కష్టం. 140 ఎంబీపీఎస్‌లో తీసిన ఒక్క కెమెరా ఫైలుకే సెకనుకు 17.5 ఎంబీ కావాలి. మూడు కెమెరాల క్లిప్పులు పక్కపక్కనే తెరపై ఉంటే అక్కడే గొంతు పట్టేస్తుంది.

ర్యామ్ 16 జీబీ ప్రస్తుతానికి చాలు. ఒకే స్టిక్‌గా ఉంటే, ఖర్చు పెట్టదలిస్తే ముందు దీని మీద పెట్టి రెండోది వేయించండి. ఎక్స్‌పోర్ట్ సమయంలో క్రోమ్ మూసేయండి.

వేడి గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తరచుగా ఒకే రాగి గొట్టాల మీద చల్లబడతాయి. ప్రాసెసర్ 100 డిగ్రీల దరిదాపులకు వస్తే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఎక్స్‌పోర్ట్ మొదలైన ఐదు నిమిషాలకు టాస్క్ మేనేజర్‌లో సీపీయూ స్పీడ్ ఎన్ని గిగాహెర్ట్జ్ ఉందో చూడండి, గంట తర్వాత మళ్లీ చూడండి. సగానికి పడిపోయి ఉంటే వేడే కారణం. మంచం మీద, దుప్పటి మీద పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయకండి. గట్టి బల్ల మీద, వెనక రెండు అంగుళాలు ఎత్తుగా ఉంచండి. మూడేళ్లుగా వాడుతున్న మెషీన్ అయితే ఫ్యాన్లలో దుమ్ము పేరుకుని ఉంటుంది. నమ్మకమైన షాపులో విప్పించి శుభ్రం చేయించి, థర్మల్ పేస్ట్ మార్పించండి. లక్షన్నరతో పోలిస్తే అది లెక్కలోకే రాదు. మే నెలలో అయితే తెల్లవారుజామున ఎక్స్‌పోర్ట్‌కి పెట్టడం నిజంగా తేడా చూపిస్తుంది. ఛార్జర్ ల్యాప్‌టాప్‌తో వచ్చినదే వాడండి, పవర్ మోడ్ బెస్ట్ పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి. కరెంటు పోయి బ్యాటరీ మీదికి వెళ్తే గ్రాఫిక్స్ కార్డు వేగం పడిపోతుంది కనుక ఆ ప్లగ్ ఇన్వర్టర్ లైన్‌లో ఉండేలా చూసుకోండి. స్లీప్ ఆపేయండి, రాత్రికి విండోస్ అప్‌డేట్లను పాజ్ చేయండి.

ఇవన్నీ చేశాక కూడా పని పెరిగి మెషీన్ చాలకపోతే, అప్పుడు కొనుక్కోండి. అప్పుడు నా ఓటు ల్యాప్‌టాప్‌కు కాదు, డెస్క్‌టాప్‌కే. మీరు ఇంటి నుంచే చేస్తున్నారు. అదే డబ్బుకు ఎక్కువ శక్తి, చక్కగా గాలాడే క్యాబినెట్ వస్తాయి. ఇంటెల్ తీసుకుంటే మోడల్ నంబరు చివర ఎఫ్ అక్షరం లేనిది అడగండి. ఎఫ్ ఉన్నవాటిలో ఇంటెల్ గ్రాఫిక్స్ ఉండదు, అంటే క్విక్ సింక్ కూడా ఉండదు. కాస్త ధర తగ్గుతుందని షాపులో దాన్నే చూపించవచ్చు.

ఇక ఆ పెళ్లికూతురి నాన్నగారి సంగతి. మూడున్నర గంటలను ఒకే ఫైలుగా ఇవ్వాలని పట్టుపట్టకండి. పెళ్లికూతురిని చేయడం, స్నాతకం, ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతలు, రిసెప్షన్ అని వేరు వేరు సీక్వెన్సులు చేసి ఒక్కొక్కటే ఎక్స్‌పోర్ట్ చేయండి. ఒకటి ఆగినా మిగతావి చేతిలో ఉంటాయి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు అందులోకి ఎక్కదు, పాత టీవీలు కొన్ని ఫ్యాట్32నే చదువుతాయి. 16 ఎంబీపీఎస్ లెక్కన 4 జీబీలో సుమారు 35 నిమిషాల వీడియో పడుతుంది కాబట్టి, భాగాలు అంతకు మించకుండా చూసుకుంటే ఆ ఇబ్బందీ ఉండదు. నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయకండి, ఎస్ఎస్‌డీలో పూర్తయ్యాక కాపీ చేయండి. ఈ రాత్రి ముహూర్తం భాగం ఒక్కటి పెట్టండి, నాయిస్ ప్లగిన్ చీకటి క్లిప్పులకే ఉంచి. పొద్దున ఆయన ఫోన్ చేసేలోపు మీరే ఫోన్ చేసి, ముహూర్తం తయారైంది, వచ్చి చూసుకోండి అని చెప్పండి. ఆ మూడు నిమిషాల పరీక్షలో వచ్చిన రెండు టైములూ నాకు రాయండి, మిగతాది వాటిని బట్టి చూద్దాం.